ఆరెత్తుల్లో ఆటకట్టు: ఆ అంకె వెనక లెక్క

ఆదివారం పూట నెల్లూరులో ఏ కల్యాణ మండపంలోనో, ఏ స్కూల్ హాల్లోనో పిల్లల చెస్ టోర్నమెంట్ జరుగుతుంటే, ఆట కంటే ఆట అయ్యాక జరిగే పంచాయితీ ఎక్కువ రంజుగా ఉంటుంది. పిల్లవాడు ఎత్తులు రాసుకున్న కాగితం పట్టుకుని బయటికి వస్తాడు. తండ్రి వాటిని ఫోన్‌లోని చెస్ యాప్‌లోకి ఒక్కొక్కటే ఎక్కిస్తాడు. ఎక్కడో ఇరవై రెండో ఎత్తు దగ్గర, ఎవరిది పైచేయో చూపించే బోర్డు పక్కనున్న పట్టీ ఒక్కసారిగా మొత్తం తెల్లబడుతుంది. అక్కడ హాష్ గుర్తు, దాని పక్కన 6 కనబడతాయి. “ఏందిరా, ఆరెత్తుల్లో ఆట కట్టేదాన్ని వదిలేశావా?” పిల్లవాడి మొహం మాడిపోతుంది. తమాషా ఏమిటంటే, వాడు ఆ ఆట గెలిచే వచ్చాడు. ఆరెత్తులకు బదులు ముప్పై ఎత్తులు పట్టింది, అంతే.

ఆ అంకెను పరీక్షలో పోయిన మార్కుల్లా చదవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. ఒకే పట్టీ మీద, ఒకే చోట కనబడినా, కంప్యూటర్ చూపించే సంఖ్యలు రెండు జాతులవి. ప్లస్ 2.3 అని చూపిస్తే అది అంచనా. హాష్ 6 అని చూపిస్తే (కొన్ని యాపుల్లో ఎం6 అని ఉంటుంది) అది అంచనా కాదు, రుజువు. ఒంగోలు పొగాకు వేలం కేంద్రంలో బేలును చేత్తో తడిమి, రంగు చూసి ధర చెప్పడం ఒక పని. అదే బేలును కాటా మీద పెట్టి తూకం చెప్పడం ఇంకో పని. మొదటిది ఎంత అనుభవస్తుడు చెప్పినా అభిప్రాయమే. రెండో దాంట్లో అభిప్రాయానికి చోటు లేదు.

అంచనా సంగతి ముందు క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. పాత రోజుల్లో ప్రోగ్రాములు బంటుకు 1, ఏనుగుకు 5, మంత్రికి 9 చొప్పున విలువ కట్టి, వాటికి రాజు భద్రత వంటివి కలిపి కూడేవి. ఇప్పుడు ఫోన్లలో ఎక్కువగా నడిచే స్టాక్‌ఫిష్ అనే ఉచిత ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రాం) 2020 నుంచి ఆ పనికి న్యూరల్ నెట్‌వర్క్‌ను, అంటే ఉదాహరణల నుంచి తానే నేర్చుకునే లెక్కను, వాడుతోంది. 2022 చివర్లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి ప్లస్ 1 అంటే ఒక బంటు అదనం అని కాదు. ఇంజిన్లు తమలో తాము ఆడుకుంటే ఆ స్థితి నుంచి గెలిచే అవకాశం సగానికి సగం అని దాని అర్థం. అంటే అది సంభావ్యత. రేపు ఇంకాస్త లోతుగా వెతికితే మారొచ్చు.

ఆటకట్టు అలా కాదు. అసలు ఈ మాటలోనే సంగతంతా ఉంది. పాత గుడి మండపాల బండల మీద గీసిన పులి-మేక గళ్లు చూసినవాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. ఆ ఆటలో మేక పులిని చంపలేదు, కట్టేయగలదు. పులికి కదలడానికి ఉన్న దారులన్నీ మూసుకుపోవాలి. ఒక్క దారి మిగిలినా అది కట్టు కాదు. చదరంగంలో రాజు సంగతీ అంతే. ఇన్ని ఎత్తుల్లో ఆటకట్టు ఖాయం అని చెప్పాలంటే ఎత్తుకు పైఎత్తు లెక్క రెండు వైపులా రెండు రకాలుగా వేయాలి. గెలిచేవాడి వంతు వచ్చినప్పుడు అతడికి మంచి ఎత్తు ఒక్కటుంటే చాలు, మిగతా ముప్పై ఎత్తులూ చెత్తవైనా ఫర్వాలేదు. ఓడేవాడి వంతు వచ్చినప్పుడు మాత్రం అతడికున్న ప్రతి ఎత్తునూ పరీక్షించాలి. ఒక్కటి తప్పించుకున్నా రుజువు కూలిపోతుంది. ఒకవైపు ‘ఏదో ఒకటి’, ఇంకోవైపు ‘ప్రతి ఒక్కటీ’. ఈ రెండూ వంతులవారీగా పేర్చుకుంటూ పోయిన చెట్టే కంప్యూటర్ చేసే రుజువు.

ఉదాహరణ లేకుండా ఇది అర్థం కాదు. బోర్డు దగ్గరుంటే ఈ స్థితి పేర్చి చూడవచ్చు. (తెల్లవాళ్ల వైపు నుంచి చూస్తే నిలువు వరుసలు ఎడమ నుంచి ఏ మొదలు హెచ్ వరకు, అడ్డ వరుసలు కింది నుంచి 1 మొదలు 8 వరకు.) తెల్ల రాజు జీ1లో, మంత్రి ఎఫ్1లో, గుర్రం జీ5లో, బంట్లు ఎఫ్2, జీ2, హెచ్2లో ఉన్నాయి. నల్ల రాజు జీ8లో, ఏనుగులు ఏ8, డీ8లో, మంత్రి ఏ3లో, బంట్లు ఏ7, బీ7, జీ7, హెచ్7లో ఉన్నాయి. ఎత్తు తెల్లవాళ్లది. (అకాడమీ పిల్లలు క్వీన్, రూక్, నైట్ అనే అంటారు. అరుగు మీద ఆడే పెద్దలకు మంత్రి, ఏనుగు, గుర్రం. ఇక్కడ అరుగు మాటలే వాడుతున్నాం.) పావులు లెక్కబెడితే తెల్లవాళ్లకు రెండు ఏనుగులు తక్కువ, నల్లవాళ్లే భేషుగ్గా ఉన్నారు. అయినా ఆట తెల్లవాళ్లదే.

మంత్రి సీ4కు వచ్చి చెక్ చెబుతుంది. కొంచెం అనుభవమున్న ఆటగాడికి మిగతాది కంఠతా వచ్చు. రాజు ఎఫ్8కు పోతే మంత్రి ఎఫ్7లో కూర్చుంటుంది, వెనక గుర్రం కాపు కాస్తుంది, అక్కడే ఆటకట్టు. అందుకని రాజు హెచ్8 మూలకు పోతాడు. గుర్రం ఎఫ్7 నుంచి చెక్, రాజు తిరిగి జీ8కి. గుర్రం హెచ్6కు దూకుతుంది. ఇప్పుడు గుర్రం చెక్, పక్కకు తప్పుకున్న గుర్రం వెనక నుంచి మంత్రి చెక్, రెండూ ఒకేసారి పడతాయి. రాజు ఎఫ్8కు పోతే మళ్లీ ఎఫ్7లో మంత్రితో ఆటకట్టే, కాబట్టి మూలకే పోవాలి. అప్పుడు మంత్రి నేరుగా జీ8లోకి, రాజు ఒళ్లోకి వెళ్లి చెక్ చెబుతుంది. గుర్రం కాపలా ఉంది కాబట్టి రాజు దాన్ని చంపలేడు, ఏనుగుతోనే చంపించాలి. ఆ ఏనుగు వచ్చి జీ8లో కూర్చునేసరికి రాజుకు ఊపిరాడే గడి ఒక్కటీ మిగలదు. చుట్టూ సొంత మనుషులే. గుర్రం ఎఫ్7కు వచ్చి ఆట కట్టేస్తుంది. లెక్కబెడితే తెల్లవాళ్లవి ఐదెత్తులు.

ఫోన్‌లో పెడితే 6 అంటుంది. ఐదు కదా, ఇంజిన్ పొరబడిందా? లేదు. మొదటి చెక్‌కు నల్లవాళ్లకు రాజును జరపడమే కాక మూడో దారి కూడా ఉంది. డీ8లోని ఏనుగును డీ5కు తెచ్చి అడ్డం పెట్టవచ్చు. మంత్రి దాన్ని ఉచితంగా తినేసి మళ్లీ చెక్ చెబుతుంది, అక్కణ్ణుంచి కథ మామూలే. ఏనుగు పోయింది, ఒక ఎత్తు పెరిగింది, ఫలితం మారలేదు. మనిషి ఇలాంటి అడ్డాన్ని లెక్కలోకే తీసుకోడు, ‘ఊరికే ఏనుగు పారేసుకోవడం’ అని తోసేస్తాడు. కంప్యూటర్‌కు ఊరికే పారేసుకోవడమనే భావన లేదు. ఓడేవాడి పని వీలైనంతసేపు బతకడమే అని దాని నియమం. కాబట్టి తెర మీది అంకె ఎప్పుడూ అతి మొండి రక్షణకు ఎన్ని ఎత్తులు పడతాయో చెబుతుంది. ఎదుట ఆడేవాడు ఎలా ఆడతాడో అది చెప్పదు. ఆరు అని చూపించిన ఆట బోర్డు మీద ఐదెత్తుల్లోనో, రెండెత్తుల్లోనో ముగియవచ్చు.

ఈ రుజువు మొత్తాన్ని చేత్తో రాసి చూస్తే నల్లవాళ్ల ఎత్తుల్లో తేడాల వల్ల వచ్చే కొసలు ఆరు. మొదటి చెక్‌కే రాజు ఎఫ్8కు పోతే ఒకటి. మూలకు పోయి, రెండు చెక్‌ల దగ్గర ఎఫ్8కో హెచ్8కో పోతే రెండు. ఏనుగును అడ్డం పెట్టాక ఇవే మూడూ మళ్లీ. ఆరు కొసలూ ఆటకట్టుతోనే ముగుస్తాయి. మార్కాపురం పలక ఒక్కటి చాలు ఇది రాయడానికి.

మరి దీనికి కంప్యూటర్ దేనికి? రుజువు చిన్నదే, దాన్ని వెతకడం పెద్ద పని. ఆరెత్తుల ఆటకట్టు అంటే తెల్లవాళ్ల ఆరు, మధ్యలో నల్లవాళ్ల ఐదు కలిపి పదకొండు కదలికలు. సగటున ఒక్కో స్థితిలో ముప్పై ఎత్తులు సాధ్యమనుకుంటే, ఏ తెలివీ వాడకుండా అన్నీ తిరగేయాలంటే దాదాపు 177 కోట్ల కోట్ల దారులు. ఆట మొదట్లో కూడా ఇదే వరస. మొదటి ఎత్తుకు 20 మార్గాలు, రెండు వైపులా ఒక్కో ఎత్తు అయ్యేసరికి 400, మూడో కదలికకు 8,902, నాలుగో కదలికకు 1,97,281.

ఇక్కడ ఆల్ఫా-బీటా అనే కత్తిరింపు ఆదుకుంటుంది. ఒక ఎత్తుకు ఎదుటివాడి దగ్గర ఒక గట్టి జవాబు దొరికిందంటే, ఆ ఎత్తుకున్న మిగతా జవాబులు చూడనక్కరలేదు, ఆ ఎత్తు ఎలాగూ పనికిరాదు. వెతికే వరుస బాగా కుదిరితే పైన చెప్పిన 177 కోట్ల కోట్లు దాదాపు 75 కోట్లకు దిగుతాయి. ఫలితంలో రవ్వంత తేడా రాదు. దీని పైన ఇంజిన్లు మరింత దూకుడుగా కత్తిరిస్తాయి. చూడగానే తెలివితక్కువగా కనిపించే ఎత్తులను తక్కువ లోతుకే చూసి వదిలేస్తాయి. మంత్రిని జీ8లో బలి పెట్టడం చూడగానే తెలివితక్కువ పనే కదా! అందుకే మామూలు ఆటలో అసాధ్యురాలైన ఇంజిన్ కూడా, చెక్ లేని నిశ్శబ్దపు ఎత్తుతో మొదలయ్యే చిక్కు సమస్య ఇస్తే అప్పుడప్పుడు తడబడుతుంది. అలాంటి సమస్యల కోసమే పొపాయ్ వంటి వేరే ప్రోగ్రాములున్నాయి. అవి అంచనాల జోలికి పోవు, ఇన్ని ఎత్తుల్లో కట్టు ఉందా లేదా అనేదొక్కటే చూస్తాయి. నిజానికి కంప్యూటర్ చదరంగం మొదలైంది కూడా అక్కడే. 1951లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోని ఫెరాంటీ యంత్రం మీద డీట్రిష్ ప్రింజ్ రాసిన ప్రోగ్రాం పూర్తి ఆట ఆడలేదు. రెండెత్తుల ఆటకట్టు సమస్యను మాత్రం పరిష్కరించింది. దానికి దాదాపు పావుగంట పట్టింది.

వెతికే లోతుకు ఒక హద్దు ఉంటుంది. రాత్రిపూట హైవే మీద ఒంగోలు నుంచి నెల్లూరుకు వచ్చే లారీకి లైటు వెలుగు పడినంత మేరే దారి. ఆ వెలుగు అంచు అవతల గొయ్యి ఉన్నా లేనట్టే. పైన చెప్పిన ఏనుగు అడ్డం ఇక్కడ ఇంకో రకంగా పనికొస్తుంది. హద్దు సరిగ్గా ఐదెత్తుల దగ్గర ఆగిపోయిందనుకుందాం. ఏనుగును డీ5లో పారేసుకుంటే ఆటకట్టు ఆరో ఎత్తుకు జరిగిపోతుంది, అంటే వెలుగు దాటి చీకట్లోకి పోతుంది. నల్లవాళ్ల తరఫున ఆలోచించే కంప్యూటర్‌కు గండం తప్పినట్టే కనిపిస్తుంది. తప్పలేదు, కనబడకుండా పోయింది. ఈ జబ్బుకు కంప్యూటర్ శాస్త్రవేత్త హాన్స్ బెర్లినర్ 1970లలో హొరైజన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. చెక్ పడిన దారులను మామూలు కంటే ఇంకాస్త ముందుకు చూడటం దీనికి ఇంజిన్లు వాడిన పాత మందుల్లో ఒకటి.

ఫోన్ చూస్తుండగానే అంకె మారిపోవడానికి కారణమూ ఇదే. ఇంజిన్ మొదట ఒక కదలిక లోతు, తర్వాత రెండు, తర్వాత మూడు, ఇలా మళ్లీ మళ్లీ మొదటి నుంచి వెతుకుతుంది. ముందు 9 అని చూపించి, రెండు సెకన్లాగి 6 అనవచ్చు. తొమ్మిది అబద్ధం కాదు. తొమ్మిదెత్తుల లోపు కట్టు ఖాయమని అప్పటికి రుజువైంది, ఆరెత్తుల దారి ఇంకా కనబడలేదు. కాబట్టి తెర మీది అంకెను ‘ఇంతకు మించదు’ అని చదవాలి, ‘ఇంతకంటే తక్కువ లేదు’ అని కాదు. అతి పొట్టి దారి ఇదేనని తేల్చడం వేరే లెక్క, దానికి ఇంకా సమయం కావాలి.

పావులు బాగా తగ్గిపోయినప్పుడు మాత్రం లైటు వెలుగుతో పని లేదు. దారి పొడవునా కిలోమీటరు రాళ్లు పాతేసి ఉంటాయి. రాయి మీది దూరాన్ని బయల్దేరిన చోటి నుంచి కాదు, చేరాల్సిన ఊరి నుంచి కొలుస్తారు. ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌లు (కొద్ది పావులే మిగిలిన స్థితులన్నిటికీ ముందే లెక్క కట్టి పెట్టిన పట్టికలు) కట్టేదీ అలాగే, వెనక నుంచి ముందుకు. ఉన్న కొద్ది పావులతో సాధ్యమయ్యే ఆటకట్టు స్థితులన్నీ రాసి వాటికి సున్నా వేస్తారు. ఒక్క ఎత్తులో అక్కడికి చేర్చే స్థితులకు ఒకటి. ఏ ఎత్తు వేసినా వాటిలోనే పడక తప్పని స్థితులను ఓడేవాడి ఖాతాలో రాస్తారు. మళ్లీ వాటి వెనక్కి. ఇక మిగిలిందేమీ లేదనేంతవరకు ఇదే పని. అప్పుడు ప్రతి స్థితికీ ఒక రాయి ఉంటుంది, ఇక ఆలోచించేదేమీ ఉండదు.

ఈ లెక్కల ప్రకారం ఒంటరి రాజును మంత్రితో కట్టడానికి ఎంత చెడ్డ స్థితి నుంచైనా 10 ఎత్తులు చాలు, ఏనుగుతో 16, రెండు బిషప్‌లతో (అరుగు మాటలో శకటు) 19, బిషప్-గుర్రంతో 33. చివరిది పిల్లలకే కాదు, పెద్ద ఆటగాళ్లకూ గుండెదడే. పావు చావకుండా, బంటు కదలకుండా రెండు వైపులా 50 ఎత్తులు గడిస్తే ఆట డ్రా అడగవచ్చు కాబట్టి, 33లో అయ్యే పనిలో ఒక ఇరవై ఎత్తులు తడుముకుంటే గెలుపు జారిపోతుంది.

యూనిక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించినవారిలో ఒకడైన కెన్ థాంప్సన్ 1977లో ఏనుగుపై మంత్రి పోరాటానికి ఇలాంటి పట్టిక తయారు చేశాడు. పుస్తకాలు దాన్ని తేలికైన గెలుపు అనేవి. అమెరికా చాంపియన్ వాల్టర్ బ్రౌన్ 50 ఎత్తుల్లో గెలుస్తానని పందెం కాసి, మంత్రి తీసుకుని యంత్రం మీద ఆడాడు. గెలవలేకపోయాడు. యంత్రం పుస్తకాల్లో లేని పని చేసింది. ఏనుగును రాజు పక్కన అంటిపెట్టుకోకుండా దూరంగా పంపింది. ఆయన కొన్నాళ్లు కూర్చుని చదువుకుని మళ్లీ వచ్చి, సరిగ్గా యాభయ్యో ఎత్తుకు ఏనుగును పట్టుకున్నాడు. పట్టిక ప్రకారం దానికి 31 చాలు. ఖాయమైన గెలుపు, సులువైన గెలుపు ఒకటి కాదని అంతకంటే బాగా ఎవరూ చూపించలేదు.

2012లో మాస్కో స్టేట్ యూనివర్సిటీ సూపర్‌కంప్యూటర్ మీద ఏడు పావుల పట్టికలు పూర్తి చేసినప్పుడు 549 ఎత్తుల ఆటకట్టు బయటపడింది. ఆ దారిలో ఎత్తులు ఎందుకు వేస్తున్నారో ఏ గ్రాండ్‌మాస్టర్‌కూ అర్థం కాదు. పైగా యాభై ఎత్తుల నియమం పాటిస్తే అది గెలుపే కాదు, డ్రా. ఆ పట్టికలకు 140 టెరాబైట్లు కావాలి. ఇప్పుడు ఎక్కువగా వాడే సిజిజీ పట్టికలు 2018 నాటికి ఏడు పావుల వరకు పూర్తయ్యాయి. అవి 20 టెరాబైట్ల లోపే సర్దుకున్నాయి, ఎందుకంటే వాటిలో ఆటకట్టుకు ఎన్ని ఎత్తులో రాయలేదు. గెలుపా, ఓటమా, డ్రానా, యాభై లెక్క మళ్లీ మొదలయ్యే ఎత్తుకు దూరమెంత అనేవే రాశారు. ఫోన్‌లో ఒక్కోసారి గెలుపు ఖాయమంటూనే ఆటకట్టు అంకె చూపకపోవడం ఇందువల్లే.

మళ్లీ మండపం బయట తిట్లు తింటున్న పిల్లవాడి దగ్గరికి వస్తే, విశ్లేషణలో ‘ఆటకట్టు చేజారింది’ అని ఎర్ర గుర్తు పడినంత మాత్రాన అన్నీ ఒకే రకం తప్పులు కావు. పైన చెప్పిన స్థితిలో మంత్రిని సీ4కు తేకపోతే తెల్లవాళ్ల ఆట నిజంగానే పోతుంది, రెండు ఏనుగులు తక్కువ కదా. అక్కడ తప్పు పెద్దదే, కూర్చోబెట్టి నేర్పాల్సిందే. ఒక మంత్రి, రెండు ఏనుగులు అదనంగా ఉండి, ఆరెత్తుల దారి వదిలి ముప్పై ఎత్తుల్లో నిదానంగా గెలిచినవాడు పోగొట్టుకున్నది ఏమీ లేదు. టైమ్ తక్కువున్నప్పుడు మంత్రిని బలిచ్చి లెక్క తప్పడం కంటే ఆ నిదానమే నయం. ఇంజిన్‌కు టెన్షన్ ఉండదు. గడియారంలో రెండు నిమిషాలే మిగిలిన సంగతి దానికి తెలియదు.

ఏ దారి మనిషికి అందేది, ఏది కాదు అన్నదీ అంకె చెప్పదు. 2018లో లండన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేమ్‌లో మాగ్నస్ కార్ల్‌సన్‌పై ఫాబియానో కరువానాకు ముప్పై పైచిలుకు ఎత్తుల ఆటకట్టు ఉందని నార్వేలోని సెస్సే అనే శక్తిమంతమైన కంప్యూటర్ చూపించింది. బోర్డు దగ్గర ఉన్న ఇద్దరిలో ఎవరికీ అది కనబడలేదు, ఆట డ్రా అయింది. ఆ దారి బిషప్‌ను హెచ్4కు తేవడంతో మొదలవుతుంది, కాస్త తర్వాత గుర్రాన్ని తనంతట తానే జీ1లో ఇరికించుకోవాలి. కరువానా గనక అలా ఆడి ఉంటే, యంత్రం సాయం దాచుకున్నాడేమోనని వెంటనే మెటల్ డిటెక్టర్లు తెప్పించేవాళ్లని మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ ఎగతాళి చేశాడు. అంత సహజం కాని ఎత్తు మనిషి బుర్రలోంచి రాదని ఆయన ఉద్దేశం. అలాంటి అంకెను చూసి ఎవరినీ తప్పుపట్టలేం.

మరీ దగ్గరి అంకెల సంగతి కూడా మనం అనుకున్నంత తేలిక కాదు. 2006 నవంబరులో బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాంతో ఆడుతూ, అప్పటి ప్రపంచ చాంపియన్ వ్లదిమిర్ క్రామ్నిక్ రెండో గేమ్‌లో తన మంత్రిని తీరిగ్గా ఈ3లో పెట్టి లేచాడు. ఎదుటి మంత్రి హెచ్7లోకి వచ్చి ఆట కట్టేసింది. అప్పుడు తెర మీద ఉండాల్సిన అంకె 1.